రాజన్న తల అడ్డంగ ఊపిననాడు

మనిషిని తిట్టాలంటే మా ఎద్దును అడ్డం పెట్టుకుంటరు. "గంగిరెద్దు లెక్క తల ఊపుతవారా" అంటరు. సకల జనుల సమ్మె నడిచినన్ని దినాలు నర్మెట్ట రోడ్డు మీది దీక్ష టెంటుల గీ మాట వినీ వినీ నా చెవులు గట్టివడ్డయి. మైకు చేతికొచ్చిన ప్రతోడు "ఢిల్లీకి తలలూపే మన గంగిరెద్దులు" అనే మొదలువెడుతుండె. జనం చప్పట్లు కొడుతుండె. టెంటు మూలకు ముకుతాడు పట్టుకొని నేను. నా పక్కన రాజన్న. మీద అద్దాల బొంత, కొమ్ములకు ఎర్ర కుచ్చులు, మూపురం మీద నాలుకంత కండ వేలాడుకుంట. తిట్టు తనకే తగులుతున్నదని తెల్వక అది నిమ్మలంగ నెమరేస్తుండె.

తిట్టుడు అయినంక మళ్ళ మేమే కావాలె. "ఏ ఓదేలన్నా, తోలుకరా ఎద్దును! తెలంగాణ వస్తదా రాదా అడుగు!"

నేను అడుగుతుంటి. రాజన్న కిందికి మీదికి తల ఊపుతుండె. ఈలలు, జై తెలంగాణలు. పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు గూడ ఎద్దు చెప్పింది గదా అని కండ్లు తుడుచుకునుడు చూసిన.

ఎద్దుకు మాటలు తెల్వయి. నా డోలు ఎడమ మొఖం మీద వంకర పుల్లతోని రుద్దితే గుర్రుమంటది. ఆ గుర్రుకు అవునని తల ఊపుతది. నా కుడికాలు గజ్జె నేలకు ఒక్కసారి తంతే కాదని అడ్డంగ ఊపుతది. డోలు రెండు మొఖాలు కలిపి మూడు దెబ్బలు కొడితే ముంగాళ్ళు వంచి దండం పెడతది. డప్పుకు కదలదు, బ్యాండుకు కదలదు, డోలుకే. గింతే మా ఇద్య. అడిగేటోడు మాట చూసుకుంటడు, ఎద్దు నా చెయ్యి చూసుకుంటది. మా నాయిన నాకిచ్చిన ఆస్తి ఈ మూడు గుర్తులే. మూడో తరగతిల బడి ఎగవెట్టింది గూడ వీటికోసమే.

మక్కజొన్నలు ఇంటికొచ్చే యాళ్ళకు నర్మెట్ట, జనగామ. వడ్లకు మానుకోట, బయ్యారం. మిరపకాయ కల్లాలకు భూపాలపల్లి దిక్కు టేకుమట్ల దాక. గట్ల మా ఏడాది తిరుగుతుండె. ఊరేదంటే మాకు చెప్పొస్తుండకపాయె. ఎద్దు ఏ ఊర్ల ఉంటే అదే మా ఊరు.

మా దాంట్ల తప్పరాని కట్టుబాటొకటున్నది, కట్టంటం. గంగిరెద్దును కొనం, అమ్మం. అవయవం ఎక్కువతోని దూడ పుడితే అది దేవునిదని ఆ ఇంటోళ్ళు మాకు ధారవోస్తరు. దాన్ని అరకకు కట్టొద్దు, బండికి కట్టొద్దు. సచ్చిపోతే మనిషిని పెట్టినట్టే బొంద పెట్టాలె. ఏడాదికోపారి ధారవోసిన గడపకు పోయి, అందరికంటే ముందు ఆ గడపకే దండం పెట్టియ్యాలె. ఆ గడప మొఖాన అది ఎన్నడన్న తల అడ్డంగ ఊపిందా, ధార తిరిగిపోయినట్టే. ఆ దినమే తాడు తీసుకపోయి ఆ ఇంటి గుంజకు కట్టి, వెనుకకు చూడకుండ రావాలె.

రాజన్నను మాకు ధారవోసింది సులోచన దొరసాని. విద్యాసాగర్ దొర తల్లి. నర్మెట్ట పక్కనే వాళ్ళ ఊరు. ఏడేండ్ల కింద వాళ్ళ ఆవుకు మూపురం మీద కండతోని దూడ పుడితే, ఆమెనే కాళ్ళు కడిగి, మెడకు గంట కట్టి, తాడు నా చేతుల పెట్టింది. అప్పటికెల్లి ఏటా ఆ గేటు ముంగట రాజన్న దండం పెట్టుడు, ఆమె చాటల మక్కలు తెచ్చి దాని మూతి ముందట పెట్టుడు. ఒక్క ఏడాది తప్పలే.

కొడుకు వేరే తీరు. ఏ పార్టీ గెలిస్తే విద్యాసాగర్ దొర ఆ పార్టీల ఉంటుండె. అప్పుడు గూడ ఏదో పదవిల ఉండె. రాజీనామా చెయ్యమని ఊరూరు మొత్తుకుంటుంటే "చూద్దాం తియ్యుండ్రి" అంటుండె.

మా టెంటుకు పెద్ద భూపాల్ సారు. బడి బందు వెట్టి సమ్మెల కూసున్న పంతులు. ఒకనాడు పొద్దుగాల చాయ చేతుల పెట్టి నన్ను పక్కకు కూసుండవెట్టుకున్నడు. గంత మర్యాద చేసిండంటేనే నాకు అనుమానం రావాలె.

"ఓదేలన్నా, రేపు ఊరేగింపుగ విద్యాసాగర్ గేటుకాడికి పోతున్నం. టీవోళ్ళు వస్తున్నరు. గేటు ముంగట నీ ఎద్దును నిలవెడదం. ఈ దొర తెలంగాణోడేనా అని నేను మైకుల అడుగుత. ఎద్దు కాదనాలె."

చాయ గ్లాసు పక్కకు జరిపిన. "సారూ, ఇంకేడనన్న అనిపిస్త. బస్టాండుల అనిపిస్త, జనగామ చౌరస్తల అనిపిస్త. ఆ గేటుకాడ వద్దు."

"ఎందుకు వద్దు?"

చెప్పిన. ధార సంగతి, తాడు సంగతి మొత్తం చెప్పిన. ఆయన విని నవ్విండు. "అంటే ఎద్దుకు గూడ దొర భయమేనానే?"

టెంటుల ఉన్నోళ్ళు గుల్లుమన్నరు. "ఎద్దుకు కాదు సార్, దాన్ని తిప్పుకుంట బతికేటోనికి" అన్నడు ఎవడో.

"భయం కాదు సారూ. మా కట్టు."

"కట్లు తెంపుతందుకే గద ఉద్యమం!" గ్లాసు కింద పెట్టిండు. "చూడు ఓదేలన్నా, మీ గుడిసెలు పద్దెనిమిది. ఇండ్ల జాగల లిస్టు రాసేది నేనే. రాష్ట్రం వచ్చిననాడు మొదాలు పట్టాలు మీకే. గాని రేపు ఎవ్వలు ఎటుదిక్కు నిలవడ్డరో అందరికి యాదుంటది మల్ల."

ఆఖరి మాట గూడ నవ్వుకుంటనే అన్నడు. పంతులు గద. బెత్తం చూపెట్టకుండ భయం వెట్టుడు వాళ్ళకు అలవాటే.

నాకు తెలంగాణ వద్దని కాదు. మానుకోటల సభకు పొద్దంత డోలు కొట్టిన. టేకుమట్ల తొవ్వ మీద రోడ్డుకడ్డం పొయ్యిలు పెట్టి వండితే ఆ అన్నం తిన్న. జై అంటే జై అన్న. గాని రాష్ట్రం రాకున్నా నా పెండ్లాం పిల్లలు ఎట్లనో బతుకుతరు. రాజన్న లేకుంటే బతకం. ఈ మాట ఆ టెంటుల అన్నేటి ధైర్యం నాకెక్కడిది?

మాపటీలి గుడిసెకాడ సోమక్కకు చెప్పిన. సోమక్క నా పెండ్లాం. సన్నాయి ఊదే మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబాయిల కాంట్రాక్టు పనికి పోయినకాంచి నా ఎంబడి ఊరూరు తిరిగింది ఆమెనే. రాజన్నకు మందూమాకూ, దిష్టి తీసుడు అంతా ఆమె చేతి మీదనే.

"పోవద్దు" అన్నది.

"పోకుంటే ద్రోహి అంటరే."

"అననియ్యి. ఇప్పటిదాక అననిదేమున్నది? బిచ్చపోళ్ళు అన్నరు, దొంగలన్నరు. ద్రోహి అంటే ఇంత బరువైతదా?"

"లిస్టుల పేరుండదు."

"మీ తాత ఏ లిస్టుల ఉన్నడు? మీ అయ్య ఏ లిస్టుల ఉన్నడు? రాజన్న ఉన్నడు, బతికినం. రేపు ఊర్లల్లకు ఏం ముంగట వెట్టుకొని పోతవ్? నీ మొఖమా?"

అప్పుడే నాకొక తెలివి పుట్టింది. అదే నా కొంప ముంచింది.

"గేటుకు తోక పెట్టి నిలవెడత. మొఖం జనం దిక్కు ఉంటది. గేటు ముంగటి మురికినీళ్ళ మోరీకి ఇవతల్నే, గడపకు పది గజాల దూరం. తల అడ్డంగ ఊపినా అది జనానికి ఊపినట్టయితది, గడపకు కాదు. కట్టు తెగదు, సారుకు కోపం రాదు."

సోమక్క పొయ్యిల కట్టె ఎగదోసి నా మొఖం చూసింది. "నీ తెలివి నీ డోలు తీరు. మీద మోత, లోపట ఖాళీ. నువ్వు అటు తిప్పితే అది అటే నిలవడతదా? ఏడేండ్లు ఆ గేటుకాడ దానికి ఏం నేర్పినవో జర యాది చేసుకో."

నేను వినలే. మా కులంల ఎవ్వడు వినడు. ఎద్దు మన గుర్తుకే ఆడుతదనుకుంటం. దానికి సొంత యాది ఒకటి ఉంటదని అనుకోం.

తెల్లారి పది గంటలకు ఊరేగింపు లేచింది. ముందట డప్పులు, ఎనుక జెండాలు, నడుమ రాజన్న. సోమక్క రానన్నది గాని వచ్చింది. బొంత కొస పట్టుకొని పక్కపొంటి నడిచింది, నాతోని ఒక్క మాట మాట్లాడలే.

దొర ఇంటి ఇనుప గేటు మూసి ఉన్నది. మీద బంగ్లల విద్యాసాగర్ దొర కుర్చీ ఏసుకొని కూసున్నడు, సినిమా చూసేటట్టు. నేను అనుకున్నట్టే మోరీ ఇవతల రాజన్నను గిర్రున తిప్పి, గేటుకు తోక వచ్చేటట్టు నిలవెట్టిన.

కెమెరా పట్టుకున్నాయన ఉరికొచ్చిండు. "అన్నా, ఎద్దు మొఖం వస్తే గేటు వస్తలేదు, గేటు వస్తే దాని ఎనుక వస్తున్నది. జర తిప్పరాదే."

"సూర్యుని దిక్కే నిలవెట్టాలె సారూ, మా ఆచారం" అని అబద్ధమాడిన.

"ఆచారమట" అని భూపాల్ సారు పండ్లు కొరికిండు గాని, జనం ఆగుతలేరని మైకందుకున్నడు. దొరను తిట్టిండు, దొర తాతను తిట్టిండు. తిట్టి తిట్టి, "ఓ బసవన్నా! నువ్వే చెప్పు! ఈ విద్యాసాగర్ తెలంగాణోడేనా?" అన్నడు. రోడ్డంత సప్పుడు బందయింది.

నేను కాలు లేపిన. లేపిన కాలు నేలకు తాకకముందే ఎనుక కిర్రుమన్నది. పెద్ద గేటుల చిన్న తలుపు తెరుచుకున్నది.

సులోచన దొరసాని. ఎనబై ఏండ్లు దాటినయి. మైకు మాటలు ఆమెకు వినవడయి, చెవులు పోయి చాన దినాలు. డప్పులూ జనమూ చూసి రాజన్న ఏటా వచ్చినట్టే వచ్చిందనుకున్నది. చేతుల చాట. చాటల మక్కలు.

నేను తాడు బిగవట్టేలోపట్నే రాజన్న తిరిగింది. ఎవ్వలు తిప్పలే. డోలు మోగలే. మోరీ దాటి సక్కగ పోయి, గడప ముంగట ముంగాళ్ళు రెండూ వంచి, నుదురు నేలకు ఆనిచ్చింది.

బంగ్ల మీదికెల్లి చప్పట్లు వినవడ్డయి. "చూసినవా పంతులూ! గొడ్డుకున్న ఇశ్వాసం నీకు లేకపాయె!" అని దొర పగలవడి నవ్వుతున్నడు. కెమెరాయన దాన్నంత పట్టుకుంటనే ఉన్నడు.

ఎవడో ఒర్రిండు. "అమ్ముడువోయిండురా! గీ ఓదేలుగాడు దొరకు అమ్ముడువోయిండు!" రాయొకటొచ్చి నా డోలుకు తాకింది. ఇంకొకటి సోమక్క మోచేతికి. నా అంగి కాలరు ఇద్దరు ముగ్గురు గుంజుతున్నరు. భూపాల్ సారు మైకు పక్కకు పట్టి నా చెవుల అన్నడు. "అనిపియ్యి. ఇప్పుడు అనిపియ్యకుంటే వీళ్ళను ఆపుడు నాతోని కాదు."

గజ్జెకాలు తన్నిన. రాజన్న లేవలే. మళ్ళ తన్నిన. నా కాలు దిక్కు చూసింది, చాట దిక్కు చూసింది. దండం నడుమల కాదనుడు నేనెన్నడు నేర్పలే, దానికి సమజ్ గాలే. నాలుక సాపి మక్కలు అందుకోబోయింది.

వంకర పుల్ల తీసి కొట్టిన. ముకుతాడు ఉండేటి ముక్కు మీదనే. ఏడేండ్లల్ల దాని మీద దెబ్బ ఏసింది అదే మొదాలు. అది బెదిరి, మోకాళ్ళు కొట్టుకుంట లేచి నిలవడ్డది. కాలు తన్నిన. ఊపింది. గడప మొఖాన, దొరసాని మొఖాన, తల అడ్డంగ ఊపింది. ఒక్కసారి తన్నితే మూడుసార్లు ఊపింది. ముక్కుకెల్లి నెత్తురు చుక్కలు ఎగిరి చాటల వడ్డయి.

జై తెలంగాణ అని రోడ్డు దద్దరిల్లింది. నన్ను గుంజిన చేతులే నా ఈపు చరిచినయి. భూపాల్ సారు నన్ను కావలించుకున్నడు. అర్ధగంటల అందరు పోయిండ్రు, డప్పులు జనగామ రోడ్డు పట్టినయి. గేటుకాడ మేం ముగ్గురం, ఆ ముసలామె.

"ఏందిరా ఓదేలూ," అన్నది దొరసాని, చాటలకు వంగి చూసుకుంట. "ఈ యేడు మక్కలు మంచిగ లేవా బిడ్డా? ఎందుకు వద్దంటున్నది?"

ఆమెకు ఏం తెల్వలే. తాడు అడగలే. కట్టు సంగతి ఎత్తలే. నేను ఒక్క మాట అబద్ధమాడి, రాజన్నను తోలుకొని మానుకోట తొవ్వ పడితే అడిగేటోడు లేడు. ఆ ఆలోచన నాకు రాలేదంటే తప్పు చెప్పినట్టు. సోమక్క దిక్కు చూసిన. ఆమె అప్పటికే బొంత ముడులు ఇప్పుతున్నది. కొమ్ముల కుచ్చులు తీసింది, గజ్జెల పట్టీలు తీసింది. మెడ గంట మాత్రం తీయలే. అది ఆ ఇంటోళ్ళు కట్టింది.

"కట్టు" అన్నది నాతోని. పొద్దుటికెల్లి ఆమె నాతోని మాట్లాడింది ఆ ఒక్క మాటే.

దొడ్లకు తోలుకపోయి గుంజకు కట్టిన. విద్యాసాగర్ దొర కిందికి వచ్చి నిలవడ్డడు. "ఏందిరా, ఇడిసిపోతున్నవా? మంచిదే తియ్యి. మా సొమ్ము మాకొచ్చింది."

"దొరా, కాళ్ళు మొక్కుత. అరకకు మాత్రం కట్టకుండ్రి."

ఆయన ఎద్దు మెడ తడిమి చూస్తుండె. దొరసాని నా నోటి కదలిక చూసి ఏం అర్థం చేసుకున్నదో, "నేనున్నన్ని దినాలు దాని మెడ మీద ఎవ్వడు కాడి పెట్టడు, పో" అన్నది. వెనుకకు చూడొద్దు గనుక చూడలే. గంట సప్పుడు మాత్రం వినవడ్డది, మా ఎంబడి రాబోయి తాడు గుంజుకున్నట్టు.

ఆ మాపటీలి టీవిల రాజన్న తల ఊపుడు చూపెట్టిండ్రట. దండం పెట్టింది కోసేసిండ్రట.

దొరసాని ఆ మాట మీదనే ఉన్నది. గాని రెండో ఎండకాలం ఆమె పోయింది. దినాలైన వారానికి రాజన్న మెడ మీదికి కాడి వచ్చింది. తండా నుంచి వచ్చి దొరకు ఎవుసం చేసేటి బీక్యా నాకు నర్మెట్ట హోటలుకాడ చెప్పిండు. నేనప్పటికి వేరేటోళ్ళ పెండ్లిమేళంల డోలు కొట్టుకుంట తిరుగుతున్న.

"ఏం ఎద్దురా అది ఓదేలూ, నా పానం తీస్తున్నది" అన్నడు. "మొన్న తొవ్వపొంటి పెండ్లిమేళం పోయింది. ఎవడో డోలు మూడు దెబ్బలు కొట్టిండు. గుంటుక నడుస్తుంటనే మోకాళ్ళేసి కూసున్నది! పక్కెద్దు గుంజుతనే ఉండె. కాడి కింద మెడ మెలివడ్డది, ముంగాళ్ళు చెక్కుకపోయి ఎముక తేలింది. ముల్లుగర్రతోని పొడిచినా లేవలే, మేళం దూరం పోయేదాక."

"పొడిచినవా?"

"పొడవక? దండాలు పెట్టుకుంట కూసోమని దొర నాకు పని ఇచ్చిండా?" చాయ ఊదుకుంట నా మొఖం చూసి ఆగిండు. "నీదే కదరా అది. యాది మరిచిన. ఇంకోపారి అట్ల కూసుంటే మెడ ఇరుగుతది, ముందే చెప్తున్న. ఆ దిక్కు డోలు తేకుండ్రి."

ఆ మేళంల డోలు కొట్టింది ఎవ్వలని వాడు అడగలే. నేను చెప్పలే. అప్పటికెల్లి ఆ ఊరు పక్కకెల్లి పోవాలంటే గజ్జెలు బట్టల చుట్టుకొని, డోలు నెత్తి మీద పెట్టుకొని, గుట్ట చుట్టు తిరిగి పోతున్న.

రాష్ట్రం వచ్చింది. జూన్ రెండో తారీకు. పద్దెనిమిది గుడిసెల లిస్టు ఎటుపోయిందో గాని, భూపాల్ సారు మనిషిని పంపిండు, డోలు పట్టుకొని రమ్మని. ఆ మనిషి ఎంబడి పోయినంక చూస్తే స్టేజి ఆ గేటు ముంగట్నే. స్టేజి మీద విద్యాసాగర్ దొర. మెడల కొత్త కండువ. రాజీనామా చెయ్యనోడు ఎట్ల ఎక్కిండో ఎవ్వలు అడగలే. భూపాల్ సారే దండ ఏసిండు. "సమ్మెకాలంల మన ఎనుక కొండ లెక్క నిలవడ్డ నాయకుడు" అని మైకుల అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు, అవే చేతులు.

నేను స్టేజి కింద నిలవడ్డ. తొవ్వకు అటుదిక్కు దొర చెల్క. మొదటి వాన పడి రెండు దినాలే అయింది, పత్తి పెడుదమని బీక్యా గుంటుక కొడుతున్నడు. కుడిదిక్కు ఎద్దు మూపురం మీద నాలుకంత కండ వేలాడుతున్నది. ఎముకలు తేలినయి. మోకాళ్ళు రెండూ నల్లగ మచ్చలు కట్టినయి. అడ్డ సాలు తిరిగి ఇటుదిక్కు వస్తున్నది.

"ఓదేలన్నా!" భూపాల్ సారు మైకుల పిలిచిండు. "మన దొరకు దండం దెబ్బ కొట్టు! రెండు మొఖాలూ మోగాలె!"

రాజన్న ఆగింది. మైకుకు ఆగలే. నన్ను చూసి ఆగింది. చెవులు నిలవెట్టి నా చెయ్యి దిక్కే చూస్తున్నది. ముంగాళ్ళు అప్పటికే జర వంగుతున్నయి.

పుల్ల కింద పారేసిన. డోలు రెండు మొఖాల మీద రెండు అరచేతులు పెట్టి, గాలి తాకినా మోగకుండ అదిమిపట్టిన.

"వినవడ్తలేదానే?"

"వినవడ్తున్నది సారూ. నేను కొట్టను."

"చూడుండ్రి వీన్ని! తెలంగాణ వచ్చినా వీని మొఖంల సంతోషం లేదు" అన్నడు సారు. అందరు నవ్విండ్రు. దొర గూడ నవ్విండు. ఎవడో పక్కకెల్లి నా డోలు గుంజుకోబోతే, ఒంగి దాన్ని కడుపుల పెట్టుకున్న. ఈపు మీద గుద్దులు వడ్డయి, పరాష్కానికి కొట్టినయో నిజంగ కొట్టినయో తెల్వది. డోలు ఇడవలే.

తొవ్వ అవతల బీక్యా ఒక్క చూపు నన్ను చూసిండు. పొడవలే. నాలుకతోని సప్పుడు చేసి తాడు ఊపిండు. రాజన్న కాళ్ళు సక్కగైనయి. తల కిందికేసుకొని, సాలెంబడి అటుదిక్కు పోయింది.